కెనడాలో స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ చేస్తే వేరే దేశాల్లో ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందా? మదనపల్లె నుంచి మొదలయ్యే కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. పుంగనూరు నుంచి ఒక చెల్లెలు పంపింది. డిగ్రీ మదనపల్లెలో, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ తిరుపతిలో. కెనడాలో ఒక యూనివర్సిటీ నుంచి స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ ఆఫర్ వచ్చింది. ఇంట్లో అందరికీ సంతోషమే. వాళ్ళ నాయన మాత్రం ఒకటే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడంట: "అయిదేండ్లు చదువుతావు, సరే. చదివినాక ఆ దేశమోళ్ళు ఉద్యోగం ఇయ్యకపోతే, ఆ కాగితం ఇంగ యాడన్నా చెల్లుతుందా?"

నాకు ఈ ప్రశ్న భలే నచ్చింది. మదనపల్లె బస్టాండ్ చుట్టుపక్కల ఎన్ని కన్సల్టెన్సీ బోర్డులు ఉన్నాయో మీకు తెలుసు. బోర్డు మీద మేపుల్ ఆకు ఉంటుంది, నవ్వుతున్న విద్యార్థి ఫోటో ఉంటుంది. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఉండదు. టమోటా మండీలో ముప్పై ఏళ్ళు బేరాలు చేసిన మనిషికి క్రేటులో పైన కనిపించే నాలుగు కాయలు చూసి సరుకు కొనకూడదని తెలుసు. ఆయన అడిగింది అడుగున ఉన్న కాయల గురించి.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. మన దగ్గర "కెనడా చదువు" అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఫీజు కట్టి చేసే మాస్టర్సో డిప్లొమానో. బ్యాంకు లోను, పొలం తాకట్టు, అక్కడికెళ్ళాక రాత్రి షిఫ్టులు. స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ ఆ లెక్క కాదు. అక్కడ సాధారణంగా యూనివర్సిటీయే విద్యార్థికి డబ్బు ఇస్తుంది. కింది క్లాసుల వాళ్ళకు ట్యుటోరియల్స్ చెప్పాలి, పేపర్లు దిద్దాలి, గైడ్ ప్రాజెక్టులో పని చేయాలి. దానికి వచ్చే డబ్బుతో ఫీజు కట్టుకుని, పొదుపుగా బతకొచ్చు. కాబట్టి ఇక్కడ పణంగా పెట్టేది పొలం కాదు, ఇరవైల్లోని నాలుగైదు సంవత్సరాలు. నన్నడిగితే అదేం తక్కువ కాదు. పొలమైనా విడిపించుకోవచ్చు.

సరే, ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. కెనడాకీ మదనపల్లెకీ స్టాటిస్టిక్స్‌లో ఒక పాత చుట్టరికం ఉంది, చాలామందికి తెలీదు.

ఆర్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది, స్టాటిస్టిక్స్ వాళ్ళ ఇంటి భాష అనుకోండి. అందులో మెటాఫర్ అనే ప్యాకేజీ ఉంటుంది. దాన్ని నేర్చుకునేవాళ్ళు మొదట తెరిచే ఉదాహరణ పట్టిక బీసీజీ టీకా మీద జరిగిన పరీక్షలది. 13 వరుసలు, అంటే ప్రపంచంలో వేరువేరు చోట్ల జరిగిన 13 ప్రయోగాలు. నేను బీటెక్ చదివి కోడ్ రాసుకునే రోజుల్లో ఆ పట్టికను చాలాసార్లు చూశాను, అయిదో వరుస మీద మాత్రం ఆగలేదు. ఆ వరుసలో "ఫ్రిమాట్-మొల్లర్ తదితరులు, 1973" అని ఉంటుంది. పక్కన 13 అనే అంకె. అది అక్షాంశం. ఊరి పేరు లేదు. ఆ ఊరు మదనపల్లె.

ఆరోగ్యవరం శానిటోరియం మీకు తెలుసు కదా, మదనపల్లె బయట, పాత చెట్ల మధ్య. 1915లో మొదలైన టీబీ ఆసుపత్రి. మందులు లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత 1950 నుంచి డెన్మార్క్ డాక్టర్ యోహానెస్ ఫ్రిమాట్-మొల్లర్ నాయకత్వంలో చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చర్మపరీక్షలు, ఎక్స్‌రేలు తీశారు. కొంతమందికి టీకా వేశారు, కొంతమందికి వేయలేదు. ఏళ్ళ తరబడి ఎవరికి జబ్బు వచ్చిందో రాసుకుంటూ పోయారు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వ్యాసం వచ్చింది. ఫ్రిమాట్-మొల్లర్‌తో పాటు ఆచార్యులు, కేశవ పిళ్ళై అనే రెండు పేర్లు కూడా ఆ వ్యాసం మీద ఉన్నాయి. పట్టికలో ఆ రెండు పేర్లూ "తదితరులు" అయిపోయాయి.

అంకెలు చెప్తా, ఆసక్తిగా ఉంటాయి. మదనపల్లె వరుసలో టీకా వేసుకున్న 5069 మందిలో 33 మందికి టీబీ. వేసుకోని 5808 మందిలో 47 మందికి. అంటే టీకా వల్ల తగ్గింది సుమారు 20 శాతం. ఇప్పుడు అదే పట్టికలో రెండో వరుస చూడండి. కెనడాలోని సస్కాచెవాన్, ఫెర్గూసన్, సిమ్స్ అనే డాక్టర్లు, 1949. అక్కడి ఆదివాసీ తెగల పసిపిల్లల మీద చేసిన ప్రయోగం అది. టీకా వేసిన 306 మందిలో 6, వేయని 303 మందిలో 29. సుమారు 80 శాతం తగ్గుదల. ఆ పిల్లల ఇళ్ళలో ఆకలి, ఇరుకు గదులు అలాగే ఉండగా టీకా మాత్రం పరీక్షించారు. ఆ సంగతి పట్టికలో ఏ గడిలోనూ కనిపించదు.

ఒకే టీకా అక్కడ 80, ఇక్కడ 20. ఎందుకు? 1994లో గ్రాహం కోల్డిట్జ్ బృందం ఈ 13 ప్రయోగాలనూ కలిపి జామా పత్రికలో వ్యాసం రాసింది. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ టీకా బాగా పని చేస్తున్నట్టు కనిపించింది. సస్కాచెవాన్ 55, మదనపల్లె 13. వేడి ప్రదేశాల మట్టిలో, నీళ్ళలో ఉండే టీబీ చుట్టం లాంటి బ్యాక్టీరియా వల్ల శరీరం ముందే కొంత అలవాటు పడుతుందేమో, అందుకే టీకా తేడా తక్కువ కనబడుతుందేమో అని ఒక వివరణ.

ఈరోజు టొరంటోలోనో వాంకూవర్‌లోనో పీహెచ్‌డీ మొదలుపెట్టిన పిల్ల మెటా అనాలిసిస్ నేర్చుకుంటే, మన అవ్వ తాతల చేతి మీద సూదిగుర్తులు ఆమె ల్యాప్‌టాప్‌లో అయిదో వరుసగా వచ్చే అవకాశం బాగా ఉంది. డేటాగా మనం ఎప్పుడో విదేశాలకు పోయాం. మరి మనుషులుగా ఎలా పోయాం?

ఇక్కడ సి.ఆర్.రావు గారి పేరు రాకుండా కుదరదు. కల్యంపూడి రాధాకృష్ణారావు, 1920లో హడగలిలో పుట్టారు, ఇప్పుడది కర్ణాటక. తెలుగు కుటుంబం. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే యుద్ధకాలపు సర్వే యూనిట్ వాళ్ళు వయసు చాలదన్నారు. అక్కడ హోటల్లో పరిచయమైన ఒకాయన చెప్తే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. 1941లో చేరారు. 1945లో, ఇంకా పీహెచ్‌డీ లేకుండానే, ఒక వ్యాసం రాశారు. క్రామర్-రావ్ హద్దు, రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, రెండూ అందులోవే. స్టాటిస్టిక్స్ చదివే ఏ పిల్లాడైనా, ఏ దేశంలోనైనా, ఆ రెండు పేర్లు పలకకుండా పాసవడు.

కేంబ్రిడ్జ్‌కి వెళ్ళింది కూడా పీహెచ్‌డీ కోసం కాదు, 1946లో అక్కడి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన పాత ఎముకల కొలతలు విశ్లేషించే పని మీద. పనిచేస్తూనే ఆర్.ఎ.ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ తీసుకున్నారు. తిరిగి కలకత్తా. దాదాపు అరవై ఏళ్ళ వయసులో, ఇక్కడ రిటైరయ్యాక, 1979లో అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లో, తర్వాత 1988 నుంచి పెన్ స్టేట్‌లో ప్రొఫెసర్. ఇక్కడ "ఇంక చాల్లే" అన్న వయసులో అక్కడ కొత్త ఉద్యోగం. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆయనది మహావృక్షం. చెల్లెలి ప్రశ్నకు ఆయన కథ పూర్తిగా సరిపోదు, అలాంటి వాళ్ళకు ఏ దేశమైనా తలుపు తీస్తుంది. మనకు కావలసింది ఇంకో రావు గారు. జె.ఎన్.కె.రావు. జొన్నగడ్డ నళినీకాంత రావు. మీలో ఎంతమంది ఈ పేరు విన్నారు? కామెంట్‌లో నిజం చెప్పండి.

1937లో ఏలూరులో పుట్టారు. బొంబాయిలో ఎంఏ. 1961లో అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ, గైడు హెచ్.ఓ.హార్ట్లీ. మరుసటి ఏడాదే రావ్-హార్ట్లీ-కాక్రన్ పద్ధతి అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పాతిక. అమెరికాలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, కెనడాలో మానిటోబా యూనివర్సిటీకి, అక్కడి నుంచి 1973లో ఒట్టావాలోని కార్లటన్ యూనివర్సిటీకి. ఇక అక్కడే స్థిరపడ్డారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఏలూరు కుర్రాడు 1950లలో పీహెచ్‌డీకి నేరుగా కెనడాకే ఎందుకు పోలేదు? ఒక కారణం, అప్పటికి కెనడాలో స్టాటిస్టిక్స్ అనేది గణితం ఇంట్లో ఒక మూల గది. అమెరికాలో అయోవా స్టేట్‌లో 1933లోనే స్టాటిస్టికల్ ల్యాబొరేటరీ పెట్టారు. కెనడాలో విడి విభాగాలు రావడానికి 1967 దాకా పట్టింది, మానిటోబాలో, వాటర్లూలో. రెండో కారణం ఇంకా మొరటుది. 1951 ఒప్పందం ప్రకారం భారతదేశం నుంచి కెనడా ఏడాదికి 150 మందిని మాత్రమే వలసదారులుగా తీసుకునేది. 1957లో దాన్ని 300 చేసింది. మొత్తం దేశానికి! అమెరికా కోటా అప్పట్లో ఇంకా తక్కువ, 100. 1962లో కెనడా జాతి ఆధారంగా వడపోసే నిబంధనలను చాలావరకు తీసేసింది, 1967లో పాయింట్ల పద్ధతి తెచ్చింది. చదువుకు పాయింట్లు, భాషకు పాయింట్లు, వయసుకు పాయింట్లు. ఆ తలుపు తెరుచుకున్న కాలంలోనే జె.ఎన్.కె.రావు గారు కెనడా చేరారు.

అదే సమయంలో కెనడాలో యూనివర్సిటీలు పుట్టగొడుగుల్లా లేచాయి. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలంతా కాలేజీ వయసుకొచ్చారు. వాటర్లూ 1957, యార్క్ 1959, సైమన్ ఫ్రేజర్ 1965. పాఠాలు చెప్పేవాళ్ళు కావాలి, సొంత పీహెచ్‌డీలు చాలవు. కాబట్టి బయటి నుంచి తెచ్చుకున్నారు. అంటే ఆ రోజుల్లో ప్రశ్నే తిరగబడి ఉండేది: వేరే దేశం పీహెచ్‌డీ కెనడాలో చెల్లుతుందా? బ్రహ్మాండంగా చెల్లింది.

మరి దానికి ఎదురుదెబ్బ రాకుండా ఉంటుందా? వచ్చింది. ఎక్కడ మొదలైందో తెలుసా? కార్లటన్‌లోనే. 1968-69లో అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసర్లు రాబిన్ మాథ్యూస్, జేమ్స్ స్టీల్ ఇద్దరూ "మన యూనివర్సిటీల్లో ఉద్యోగాలన్నీ విదేశీయులకే పోతున్నాయి, ముఖ్యంగా అమెరికన్లకు" అని పెద్ద ఉద్యమం లేవదీశారు. ఆ ఊపు చల్లారింది లేదు. ఈరోజు కెనడాలో ఏ ప్రొఫెసర్ ఉద్యోగ ప్రకటన తెరిచినా చివర్లో ఒక వాక్యం ఉంటుంది, అర్హులందరూ దరఖాస్తు చేయొచ్చు, అయితే పౌరులకూ శాశ్వత నివాసులకూ ప్రాధాన్యం అని. ఆ వాక్యానికి మూలం అక్కడే ఉంది. ఆ గొడవ మొదలైన క్యాంపస్‌లోనే నాలుగైదేళ్ళకు ఏలూరు రావు గారు ప్రొఫెసర్ అయ్యారు. చరిత్రకు కాస్త చిలిపితనం ఉంటుంది.

ఆయన పని గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇది మన పుంగనూరుకు నేరుగా తగిలే విషయం. దేశంలో పెద్ద సర్వేలు శాంపిల్ తీసుకునేది రాష్ట్రం మొత్తానికి నమ్మకమైన అంకె రావడానికి. ఆ శాంపిల్‌లో పుంగనూరు మండలం నుంచి పడే ఇళ్ళు నాలుగో అయిదో, ఒక్కోసారి సున్నా. మరి మండలం స్థాయిలో పేదరికం ఎంత, పోషకాహారం ఎంత అని చెప్పాలంటే? పక్క మండలాల సమాచారం, జనాభా లెక్కల సమాచారం కలుపుకుని అంచనా కట్టాలి. మన ఇంట్లో పెరుగు లేకపోతే పక్కింటి నుంచి ఒక చెంచా తోడు తెచ్చుకుంటాం చూడండి, అలాగ. దీన్నే స్మాల్ ఏరియా ఎస్టిమేషన్ అంటారు. ఆ పేరుతోనే 2003లో ఆయన రాసిన పుస్తకం ఈ రంగంలో అందరూ చదివేది. తోడు ఎంత పుల్లగా ఉందో, అంటే ఆ అంచనాలో తప్పు ఎంత ఉండొచ్చో కొలిచే పద్ధతి కూడా ప్రసాద్ గారితో కలిసి 1990లో ఇచ్చారు. ఇక ఆర్‌లో సర్వే డేటా మీద కై-స్క్వేర్ పరీక్ష నడిపితే, మీరేమీ అడగకుండానే నడిచేది రావ్-స్కాట్ సవరణ. ఆ రావ్ ఈయనే. కెనడా స్టాటిస్టికల్ సొసైటీ 1993లో గోల్డ్ మెడల్ ఇచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఒక్క లైను లేదు, అది వేరే ఎపిసోడ్.

ఇప్పుడు అసలు ప్రశ్న. కెనడాలోనే పీహెచ్‌డీ చేసినవాళ్ళు బయట ప్రొఫెసర్లు అయ్యారా?

అయ్యారు, అదీ మొదటి తరంలోనే. ఆగ్నెస్ హెర్జ్‌బర్గ్ 1966లో సస్కాచెవాన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి లండన్ ఇంపీరియల్ కాలేజీలో చేరారు. రెండు దశాబ్దాల తర్వాత కెనడాకు తిరిగొచ్చి, అక్కడి స్టాటిస్టికల్ సొసైటీకి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. జాక్ కాల్బ్‌ఫ్లైష్ 1969లో వాటర్లూ పీహెచ్‌డీ. లండన్‌లో పోస్ట్‌డాక్, అమెరికాలో బఫెలోలో ఉద్యోగం, మళ్ళీ వాటర్లూ, చివరికి 2002లో మిషిగన్ యూనివర్సిటీ బయోస్టాటిస్టిక్స్ విభాగానికి. రాస్ ప్రెంటిస్ 1970లో టొరంటో పీహెచ్‌డీ. కొన్నేళ్ళకే సియాటిల్ వెళ్ళిపోయారు, ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ సెంటర్, వాషింగ్టన్ యూనివర్సిటీ. ఆ ఇద్దరూ కలిసి 1980లో రాసిన ఫెయిల్యూర్ టైమ్ డేటా పుస్తకం, అంటే ఒక రోగి ఎన్నాళ్ళకు తిరగబెడతాడు, ఒక యంత్రం ఎన్నాళ్ళకు ఆగిపోతుంది అనే లెక్కల పుస్తకం, ప్రపంచమంతా వాడింది.

కాబట్టి పుంగనూరు నాయనకు సగం జవాబు: ఆ కాగితం యాభై ఏళ్ళకు పైగా చెల్లుతోంది. లండన్‌లో చెల్లింది, సియాటిల్‌లో చెల్లింది. స్టాటిస్టిక్స్‌లో కెనడా డిగ్రీని ఎవరూ రెండో రకం సరుకుగా చూడరు.

మిగతా సగం చెప్పకపోతే నేనూ కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకోవచ్చు.

డిగ్రీ ఒక కాగితం. పాస్‌పోర్టు ఇంకో కాగితం. మన వీడియోల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు. 1994 జనవరిలో నాఫ్టా ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు టీఎన్ అనే అమెరికా వీసా హోదా వచ్చింది. దాని జాబితాలో యూనివర్సిటీ టీచర్లు ఉన్నారు, స్టాటిస్టిషియన్లూ ఉన్నారు. లాటరీ లేదు. అయితే అది కెనడా పౌరులకు, మెక్సికో పౌరులకు మాత్రమే. కెనడాలో చదివిన భారతీయుడికి కాదు, కెనడా పీఆర్ ఉన్నవాడికి కూడా కాదు. ఒకే ల్యాబులో, ఒకే గైడు దగ్గర, ఒకే రోజు పట్టా తీసుకున్న ఇద్దరిలో కెనడా పాస్‌పోర్టు ఉన్నవాడు ఆఫర్ లెటరుతో సరిహద్దు దగ్గరికి వెళ్తాడు. మన పాస్‌పోర్టు ఉన్నవాడికి యూనివర్సిటీ హెచ్-1బీ వేయాలి. యూనివర్సిటీలకు ఆ వీసాలో ఏడాది పరిమితి లేదు, లాటరీ లేదు, అది ఎప్పటి నుంచో ఉన్న ఊరట. కానీ 2025 సెప్టెంబర్‌లో, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఒక మామూలు స్టేట్ యూనివర్సిటీ గణిత విభాగం ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కోసం అంత కడుతుందా? నాకు నమ్మకం లేదు. ఈ రూల్స్ మారుతుంటాయి, మీరు చూసే రోజుకు ఒకసారి సరి చూసుకోండి.

అటు కెనడాలోనే ఉండాలనుకుంటే ఇందాక చెప్పిన వాక్యం గుర్తుందిగా, పౌరులకూ పీఆర్‌కూ ప్రాధాన్యం. చదువు అయ్యేలోపో, పోస్ట్‌డాక్‌లోనో పీఆర్ వస్తే మీరు ఆ వాక్యంలో తప్పు వైపు నుంచి ఒప్పు వైపుకు జరుగుతారు. మాథ్యూస్, స్టీల్ గార్ల ఉద్యమం కట్టిన గోడ, అప్పుడు మిమ్మల్నే కాపాడుతుంది.

కుప్పం నుంచి ఒక తమ్ముడు వేరే ప్రశ్న అడిగాడు. వాళ్ళ ఊర్లోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, 1997లో పెట్టింది. "అన్నా, నాకు కెనడాలో ఉండాలని లేదు. చదివి వచ్చి ఇక్కడే లెక్చరర్ కావచ్చా?"

దీనికి మన రాయలసీమ మనిషే ఉదాహరణ. బి.ఎల్.ఎస్.ప్రకాశరావు గారు, 1942లో కడప జిల్లా పోరుమామిళ్ళలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీ, కలకత్తా ఇన్‌స్టిట్యూట్, తర్వాత 1966లో మిషిగన్ స్టేట్ పీహెచ్‌డీ. బర్కిలీలో కొద్దికాలం పాఠాలు చెప్పి ఇండియాకు వచ్చేశారు. ఐఐటీ కాన్పూర్, తర్వాత ఢిల్లీ ఐఎస్ఐ. 1982లో భట్నాగర్ బహుమతి, 1990లలో ఐఎస్ఐ డైరెక్టర్. ఆయన చదువు కెనడాది కాదు, అమెరికాది. కానీ దారి అదే: బయట పట్టా, ఇంట్లో ఉద్యోగం.

ఈ రోజుల్లో ఆ దారిలో ఒక టోల్‌గేట్ ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, విదేశీ పీహెచ్‌డీతో నెట్ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అర్హత రావాలంటే, ఆ యూనివర్సిటీ క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకింగుల్లో ఎప్పుడైనా ఒకసారి ప్రపంచంలో మొదటి 500లో ఉండాలి. అంతే, చూసేది యూనివర్సిటీ ర్యాంకు. మీ విభాగం ఎంత గొప్పదో, మీ గైడు ఎవరో ఆ రూలుకు అనవసరం. సర్వే శాంప్లింగ్‌లో ప్రపంచానికి పాఠం చెప్పిన గైడు దగ్గర చదివినా, ఆయన యూనివర్సిటీ ఆ జాబితాలో లేకపోతే మామూలు లైన్లో నిలబడాలి. నాకు ఈ రూలు అస్సలు నచ్చదు. కానీ ఆఫర్ ఒప్పుకునే ముందు చూసుకోవాల్సింది మాత్రం ఇదే, అయిదేళ్ళ తర్వాత కాదు. ఐఐటీలైతే రెగ్యులర్ గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తర్వాత కనీసం మూడేళ్ళ అనుభవం అడుగుతాయి. అంటే పట్టా పట్టుకుని నేరుగా ఫ్లైట్ ఎక్కకుండా, అక్కడో యూరప్‌లోనో పోస్ట్‌డాక్ చేసి వస్తే మంచిది.

బ్రిటన్, ఆస్ట్రేలియా, యూరప్ గురించి పొడుగ్గా చెప్పను. అక్కడ పౌరసత్వం గొడవ కాస్త తక్కువ, పోటీ మాత్రం అంతే. ఎక్కడైనా ఆట ఒకటే తీరు: ఉద్యోగ ప్రకటనలు ఎక్కువగా చలికాలం ముందు నెలల్లో వస్తాయి, మూడు సిఫారసు ఉత్తరాలు, పరిశోధన గురించి ఒక వివరణ, పాఠం ఎలా చెప్తారో ఒక వివరణ. పిలిస్తే రోజంతా ఇంటర్వ్యూ, ఒక సెమినార్.

ఇందులో నేను ఎక్కువ బరువు పెట్టేది ఆ ఉత్తరాల మీద. దేశం పేరు చూసి కాదు, గైడు పేరు చూసి తలుపు తీస్తారు. జె.ఎన్.కె.రావు గారికి హార్ట్లీ, కాక్రన్ లాంటివాళ్ళతో కలిసి రాసిన వ్యాసం ఇరవైల్లోనే చేతిలో ఉంది. కాబట్టి పుంగనూరు చెల్లెమ్మకు చెప్పింది ఏంటంటే, నీకు గైడుగా ఉండబోయే ప్రొఫెసర్ పేజీ తెరువు. గత పదేళ్ళలో ఆయన దగ్గరో ఆవిడ దగ్గరో పీహెచ్‌డీ చేసినవాళ్ళ పేర్లు రాసుకో. ఒక్కొక్కరూ ఇప్పుడు ఎక్కడున్నారో వెతుకు. మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్ట్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, గణితం వాళ్ళ వంశవృక్షం లాంటిది, ఎవరి శిష్యులు ఎవరో అందులో దొరుకుతుంది. పదిమందిలో నలుగురు యూనివర్సిటీల్లో ఉన్నారా, లేక పదిమందీ బ్యాంకుల్లో, టెక్ కంపెనీల్లో ఉన్నారా? రెండోది తప్పేమీ కాదు, జీతం ఇంకా ఎక్కువే. కానీ ప్రొఫెసర్ కావాలన్నది నీ కోరిక అయితే ఆ లెక్క నీకు ముందే తెలియాలి. రంగం కూడా చూసుకో. ప్రెంటిస్, కాల్బ్‌ఫ్లైష్ ఇద్దరూ అమెరికాలో స్థిరపడింది బయోస్టాటిస్టిక్స్‌లో. ఆసుపత్రులు, మందుల పరీక్షలు ఉన్నచోటల్లా ఆ పని ఉంటుంది, గణిత విభాగం ఖాళీల కోసం మాత్రమే ఎదురుచూడక్కర్లేదు.

ఆ అమ్మాయి రెండు రోజులు కూర్చుని ఆ జాబితా రాసి పంపింది. పదకొండు పేర్లు. అయిదుగురు యూనివర్సిటీల్లో, అందులో ముగ్గురు కెనడా బయట. వాళ్ళ నాయన ఆ కాగితం చూసి ఇంకో ప్రశ్న అడిగాడంట: "ఆ ముగ్గురిలో మన పాస్‌పోర్టు వాళ్ళు ఎంతమంది?" చూశారా, ఆయనకు టీఎన్ వీసా గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి అది వెతికే పనిలో ఉంది. ఒప్పుకోవడానికి ఏప్రిల్ దాకా టైముంది.

చివరగా మీతో ఒక పని ఉంది. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, మీ ఇంట్లో 75 దాటిన అవ్వా తాతలను ఒకసారి అడగండి. చిన్నప్పుడు ఆరోగ్యవరం వాళ్ళు ఊర్లోకి వచ్చి చేతికి సూది వేసింది, ఎక్స్‌రే తీసింది గుర్తుందా అని. గుర్తుంటే, వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళ మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. ఆ అయిదో వరుస మీద ఒక పూర్తి ఎపిసోడ్ చేద్దాం.